అడ్మిట్ చేసింది నేనే

స్పానిష్‌లో ‘కుల్పా’ అని ఒక మాట ఉంది. దాన్ని ఇంగ్లీషులో పెట్టాలంటే ఒక్క మాట సరిపోదు. పొరపాటు అనొచ్చు, అజాగ్రత్త అనొచ్చు, నేరం అని కూడా అనొచ్చు. వాటిలో ఏదో ఒకటి ఎంచి పంపించడమే నా ఉద్యోగం. స్పెయిన్‌లోని ఇన్సూరెన్స్ కంపెనీల క్లెయిములు, షరతులు, కోర్టు నోటీసులు నా ల్యాప్‌టాప్‌లోకి వస్తాయి, ఇంగ్లీషై వెళ్ళిపోతాయి. నేను ఎంచిన మాట ఎవరి నెత్తిన పడిందో నాకు తెలీదు. తెలుసుకోవాల్సిన అవసరం ఒక్కసారే వచ్చింది.

అప్పుడు నేను మదనపల్లెలో ఉన్నాను. బెంగుళూరులో నేనుండే పీజీని ఉన్నట్టుండి ఖాళీ చేయమన్నారు. ఓనరుతో గొడవ పెట్టుకుని, కొత్తది దొరికేదాకా పెద్దమ్మ ఇంట్లో దిగాను. పెద్దమ్మ అక్కడ ఒక చిన్న ఆస్పత్రిలో హెడ్ నర్సు. పొద్దున్నే చర్చి పాట పాడుకుంటూ ఇడ్లీ పెట్టేది, నా చేతిలో ఫోన్ చూసి పాట ఆపి తిట్టేది, మళ్ళీ ఆపిన చోటి నుంచి పాడుకుంటూ డ్యూటీకి పోయేది. నేను డాబా మీద సిగ్నల్ దొరికే మూలలో కుర్చీ వేసుకుని పని చేసుకునేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం ఫోన్ చేసింది.

“ఏమే, నీకొచ్చే ఆ బాస పేరేంది?”

“స్పానిష్.”

“ఆ, అదే. ఈడ ఒకాయన ఉండాడు. కాలిరిగింది. ఇంగ్లీషు అంతంతమాత్రం. మా సోమల పాప లేదా, కొత్త నర్సు, అది పోయి నొప్పి ఉండాదా సార్ అంటే సీ, సీ అన్నాడంట. నీళ్ళు కావల్నా అంటే మళ్ళా సీ అన్నాడంట. నన్ను సూస్తేనే అసయ్యం ఆయనకి అని ఒకటే ఏడుపు. నువ్వొక తూరి రా.”

ఆ వైపు ఛీ అన్నా సీ అనే పలుకుతారు. నాకు నవ్వొచ్చింది.

“పెద్దమ్మా, వాళ్ళ భాషలో సీ అంటే అవును.”

 పెద్దమ్మ ఫోన్ పక్కకు పెట్టి ఎవరితోనో అనడం వినపడింది. “తిట్టు కాదంట మే, ఔనంట. మొగం కడుక్కోపో.”

ఆ నవ్వు ఆస్పత్రి గేటు దాకానే ఉంది. వరండా ముందు ఎండలో ఒక టెంపో నిలబడి ఉంది. దాన్నిండా టమోటా క్రేట్లు. మధ్యలో మాత్రం క్రేట్లు పక్కకు జరిపి, గోనెసంచులు పరిచి, ఒక మనిషి పడుకునేంత జాగా చేసి ఉంది. టెంపో నీడలో లుంగీ కట్టుకున్న ఒకాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచాడు.

“పాపా, ఆ దొర మాట తెలిసిన పాప నువ్వేనా?”

“అవునన్నా.”

“ఆయనేం రాస్తాండాడో సూసి సెప్పు తల్లీ. నా బండే తగిలింది. కేసైతే లైసెన్సు పీక్కుంటారంట. సదుం నుంచి ఈ మార్కెట్టుకి కాయలు తోలేది తప్ప నాకు ఇంగో పని రాదు.”

చూసి చెప్తాలే అన్నాను. చెప్పాల్సిన విషయం అంత చిన్నదే అనుకున్నాను.

లోపల మంచం మీద ఉన్నాయన స్పెయిన్ నుంచి రాయి చూడటానికి వచ్చాడు. వాళ్ళ కంపెనీ కుప్పంలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ దగ్గర పలకలు కొంటుంది. ఓడెక్కే ముందు ఒక్కొక్క పలకనీ వేలితో తడిమి, బాగుందో లేదో చెప్పడం ఈయన పని. ఆ రోజు సెలవు కాబట్టి ఫ్యాక్టరీ మేనేజరు తన కారులో మదనపల్లె దగ్గరి కొండ మీదికి తీసుకుపోతున్నాడు. పుంగనూరు దాటుతుండగా రోడ్డు పక్కన ఆ ఊరి పొట్టి ఆవు కనిపించింది. నడుమెత్తు కూడా లేని ఆవును ఆయన జన్మలో చూడలేదు. కారు ఆపించి దిగాడు. ఫోన్ తీశాడు. తర్వాత టెంపో తగిలింది. కారులో కాలు చాపడానికి కుదరక, ఆ టెంపోలోనే గోనెసంచుల మీద పడుకోబెట్టి తెచ్చారు.

నేను స్పానిష్‌లో పలకరించేసరికి ఆయన నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆపరేషన్ మర్నాడు పొద్దున. ఈలోగా వాళ్ళ ఇన్సూరెన్స్ కంపెనీకి క్లెయిము ఫారం వెళ్ళాలి, ఇండియాలో చూసే వాళ్ళ ఏజెంట్ల కోసం ఇంగ్లీషు కూడా జత కావాలి. ఫారం అప్పటికే నింపి సంతకం పెట్టాడు. నేను నిలబడే ఫోన్‌లో టైపు చేయడం మొదలుపెట్టాను. రోజూ చేసే పనే. పేరు, పాలసీ, ‘సినియెస్ట్రో’ జరిగిన చోటు. అది ఇంగ్లీషు ‘సినిస్టర్’లా ఉండటంతో కొత్తవాళ్ళు ఏదో కుట్ర అనుకుంటారు, క్లెయిముకి దారితీసిన సంఘటన అని అంతే.

‘ఎలా జరిగింది’ అన్న గడిలో రెండే వాక్యాలున్నాయి. నేను రోడ్డు పక్కన నిలబడి ఉండగా ఒక ట్రక్కు గుద్దింది. డ్రైవర్ అక్కడికక్కడే తన కుల్పా ఒప్పుకున్నాడు.

నా బొటనవేలు ఆగిపోయింది.

ఆ ఫారం వెనకే షరతులున్నాయి. అందులో ‘రెపెతిసియోన్’ అన్న మాట ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో దాన్ని ‘మళ్ళీ చేయడం’ అని రాసి తిట్లు తిన్నాను. అసలు అర్థం వేరు. కంపెనీ ముందు ఆస్పత్రి ఖర్చు కట్టేస్తుంది. తర్వాత తప్పెవరిదో వాళ్ళ మీద పడి ఆ మొత్తం రాబట్టుకుంటుంది. అలా రాబట్టాల్సిన మనిషిని ‘తెర్సెరో’ అంటారు, అంటే మూడో వ్యక్తి. ఇన్నాళ్ళూ నాకు ఆ మూడో వ్యక్తి ఒక మాట మాత్రమే. ఇప్పుడు బయట టెంపో నీడలో కూర్చుని ఉన్నాడు. తప్పు ఒప్పుకున్నాడని వాళ్ళ ఏజెంట్ల చేతికి కాగితం పోతే, వాళ్ళు ముందు చేసే పని పోలీసు స్టేషన్‌కి వెళ్ళడమే.

“ఏమ్మా, ఆగిపోతివే?” అన్నాడు వెనక నుంచి మేనేజరు. అప్పటిదాకా కిటికీ దగ్గర ఫోన్‌లో తమిళంలో ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

“డ్రైవర్ తప్పు ఒప్పుకున్నాడని రాశారు. నిజంగా ఒప్పుకున్నాడా?”

“రాసుండాడు కదా. అట్లే దించేయ్. నీ కూలి నీకొస్తాది.”

“మీరు అక్కడే ఉన్నారు కదా. చూశారా?”

“నేను కార్లో ఫోన్ మాట్లాడతా ఉంటి. సప్పుడైనాక సూస్తిని.” మంచానికి దూరంగా నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. “సూడు పాపా, కారాపింది నేను. రేపు వాళ్ళ కంపెనీ మా మీదికొస్తే ఆర్డరే పోతాది. శాంతిపురం సుట్టుపక్కల నుంచి ఎంతమంది మా కాడ పని సేస్తాండారో తెలుసునా? అదే ఈ టెంపో వాడి మీదికి పోయిందనుకో, అందరికీ నిమ్మళం.”

“ఆయనకి తప్ప.”

“నువ్వు రాసేదానివా, జడ్జివా?”

నాకు ఒళ్ళు మండింది. “అది మీ కాగితం కాదు. ఆయనది. మీరు బయటికెళ్ళండి” అన్నాను.

వెళ్ళాడు. కానీ ఊరికే వెళ్ళలేదు. వరండాలో డ్రైవర్‌ని పిలిచి, తన ఫోన్ అతని మూతి దగ్గర పెట్టడం తలుపులోంచి కనిపించింది. నేను వెంటపడి పోయేసరికి మాటలు మొదలైపోయాయి.

“ఏమప్పా, నువ్వు అడ్మిట్ చేసినావా లేదా? నిజం సెప్పు.”

డ్రైవర్ ముఖం విప్పారింది. పొద్దున్నుంచి అతను చేసిన మంచిపని గురించి అడిగిన మొదటి మనిషి ఆయనే అయ్యుండాలి.

“సేసినా సార్. ఇంగెవురు సేస్తారు? అడ్మిట్ సేసింది నేనే. నా సేతుల్తో ఎత్తుకోనొచ్చి అడ్మిట్ సేసినా.”

“మళ్ళా ఒగసారి సెప్పు.”

“నేనే సార్. ఆ సిస్టరమ్మని అడగండి గావలిస్తే.”

మేనేజరు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

“అన్నా, ఆయన అడిగింది ఆస్పత్రి గురించి కాదు” అన్నాను. “తప్పు ఒప్పుకున్నావా అని అడుగుతున్నాడు.”

డ్రైవర్ నా వైపు చూశాడు, మేనేజరు వైపు చూశాడు, మళ్ళీ నా వైపు చూశాడు. విప్పారిన ముఖం నెమ్మదిగా ముడుచుకుంది. “అట్లంటే అట్ల గూడా అర్థం వస్తాదా ఆ మాటకి?” అన్నాడు.

“ఆ రికార్డింగ్ తీసేయండి” అన్నాను మేనేజరుతో.

“యాల తీసేయాల? వాడు సెప్పిందే కదా ఉండేది.”

“తీసేయమంటున్నానా.”

“గొంతు తగ్గించు పాపా, ఇది ఆస్పత్రి.”

నేను అతని జేబు వైపు చెయ్యి చాపానని పెద్దమ్మ తర్వాత చెప్పింది. నాకు గుర్తుంది ఆమె మా మధ్యకి వచ్చి నా మోచెయ్యి పట్టుకుని లాగడం మాత్రమే.

“ఏయ్. నిన్ను ఈడికి పిలిచింది యాలకి, కొట్లాడేదానికా? పో లోపలికి. సార్, మీరు కూసోండి. కాఫీ తాగండి. మీ మీసం అదరతాండాది.”

లోపల ఆమె నన్ను గోడకు నిలబెట్టి అడిగింది. “ఇప్పుడు నువ్వేం సేయల్ల? మార్చి రాసేస్తావా?”

“రాయకూడదు పెద్దమ్మా. ఆయన ఏం రాస్తే అదే రాయాలి. అది నా పని.”

“మరి అరిసేది దేనికి?”

నేను మళ్ళీ ఫోన్ తీశాను. కుల్పాకి నాకు తెలిసిన మూడు మాటల్లో అన్నిటికన్నా మెత్తగా ఉన్నది వేసినా, ముందున్న ‘ఒప్పుకున్నాడు’ దాన్ని గట్టిచేస్తుంది. డ్రైవర్ ‘సారీ చెప్పాడు’ అని రాయొచ్చా? అది అబద్ధం, ఆయన రాసింది అది కాదు. ఆ ఒక్క వాక్యాన్ని ఎన్ని రకాలుగా టైపు చేసి చెరిపానో.

చివరికి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను.

“డ్రైవర్ ఒప్పుకున్నాడని రాశారు. ఏ భాషలో ఒప్పుకున్నాడు? అతనికి తెలుగు తప్ప రాదు. మీకు తెలుగు రాదు.”

“మాటలతో కాదు” అన్నాడు ఆయన. “చేత్తో. నన్ను ఎత్తేముందు వంగాడు. నా బూటు ముట్టుకున్నాడు. ఆ చెయ్యి కళ్ళకి పెట్టుకున్నాడు. మళ్ళీ ముట్టుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.” పడుకునే తన వేళ్ళను గాల్లో ముంచి కళ్ళకు ఆనించి చూపించాడు. “మా దేశంలో ఎవరూ ఇంతగా క్షమాపణ అడగరు. ఇంతకన్నా స్పష్టంగా ఒప్పుకోవడం ఎలా ఉంటుంది?”

నాకు అర్థమైంది. “మిమ్మల్ని ఎత్తబోతూ అతని కాలు మీకు తగిలిందా?”

“తగిలి ఉండొచ్చు. ఎందుకు?”

“కాలు తగిలితే మా వాళ్ళు అలా చేస్తారు. తెలియని మనిషికైనా, పుస్తకానికైనా, చిన్నపిల్లకైనా. ఆలోచించి చేసేది కాదు. దానికీ యాక్సిడెంట్‌కీ సంబంధం లేదు.”

ఆయన నమ్మలేదు. “నువ్వు వాళ్ళ మనిషివి. బయట అరుపులు విన్నాను.”

“అరిచింది వేరే దానికి.”

“నువ్వు బెంగుళూరు అమ్మాయినన్నావు. నువ్వు అలా చేస్తావా?”

“నేను చేయను” అన్నాను. నిజంగానే అలా అనుకుంటున్నాను అప్పటికి.

“చూశావా” అన్నాడు.

నాకు మళ్ళీ కోపం వచ్చింది. “మీరు నిలబడి ఉండగా గుద్దిందని కూడా రాశారు. ఫోటో కోసం నిలబడే ఉన్నారా? అడుగు వెనక్కి వేయలేదా?”

ఆయన ముఖం అవతలికి తిప్పుకున్నాడు. గోడతో మాట్లాడుతున్నట్టు అన్నాడు. “వేశానని రాస్తే ‘కుల్పా గ్రావే’ అంటారు. నా చేతులారా చేసుకున్నానంటారు. పాలసీ చెల్లదు. ఈ కాలుతో నేను ఇంటికెలా పోను?”

కుల్పా గ్రావే అంటే ఘోరమైన అజాగ్రత్త. అప్పుడు నాకు ఈయన భయం కూడా కనిపించింది. వెనక పేజీలో కంపెనీ ఏవేవి కట్టదో రాసి ఉంది. పైకి చదువుతున్నాను. “డోలో, కుల్పా గ్రావే...”

సెలైన్ మారుస్తున్న పెద్దమ్మ తిరిగి చూసింది. “డోలో ఇయ్యరంటనా? అదేమంత మాత్రని? మేమే ఇస్తాంలే, దిగులు పడొద్దని సెప్పు.”

“అది మాత్ర కాదు పెద్దమ్మా. కావాలని చేసే మోసాన్ని వాళ్ళ చట్టంలో డోలో అంటారు.”

“వాళ్ళ బాసలో అన్నీ తిరగేసే ఉండాయే” అని తన పని తాను చేసుకుంది.

ఆయనతో అన్నాను. “నేను లాయర్ని కాను. కానీ కుల్పా గ్రావే ఉన్న కాగితాలు చాలా చేశాను. తాగి నడిపినవాళ్ళు, గేటు వేసి ఉన్నా పట్టాలు దాటినవాళ్ళు, అలాంటి చోటే చూశాను ఆ మాట. ఆవుని చూస్తూ ఒక అడుగు వెనక్కి వేసినవాళ్ళ మీద చూడలేదు. మీ ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి అడగండి.”

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఫారం నా వైపు తోశాడు. “ఉన్నది ఉన్నట్టు రాయి. నీ పని అదే కదా.”

అంతే. ఇంకేం మిగల్లేదు. ఫోన్ మోగింది, ఆఫీసు నుంచి మెసేజ్, వేరే ఫైల్ ఎక్కడిదాకా వచ్చిందని. అది చూసుకుంటూనే విసురుగా లేచాను. స్టూలు వెనక్కి పడింది. నేను తిరగబోయి మంచం అంచు దాటి బయటికి ఉన్న ఆయన రెండో కాలిని, బాగున్న కాలిని, చెప్పుకాలితో తన్నాను.

వంగాను. ఆయన పాదం ముట్టుకుని కళ్ళకద్దుకున్నాను. మళ్ళీ ముట్టుకున్నాను. లేచేసరికి ఫోన్ ఎడమ చేతిలో ఉంది, మెసేజ్ సగం చదివి ఉంది.



ఆయన తన పాదం వైపు చూశాడు. నా కుడిచెయ్యి వైపు చూశాడు. “ఇప్పుడు నువ్వేం ఒప్పుకున్నావు?” అన్నాడు.

నా ముఖం వేడెక్కింది. ఆయనకి నవ్వొచ్చింది, నవ్వితే కాలు కదిలింది, కదిలితే నొప్పి పుట్టి మూలిగాడు, మూలుగుతూ మళ్ళీ నవ్వాడు. పెద్దమ్మ వచ్చి ఏమైందని అడిగితే డ్రైవర్ మొక్కిన సంగతీ, నేను మొక్కిన సంగతీ చెప్పాను.

నవ్వు ఆగాక తన ఫోన్ ఇవ్వమన్నాడు. ఇన్సూరెన్స్ కంపెనీకి వీడియో కాల్ చేశాడు. తెర మీద ఒకావిడ. ఆయన జరిగింది జరిగినట్టు చెప్పాడు. వెనక్కి అడుగు వేశానని కూడా చెప్పాడు. ఆవు ఎంత ఉందో మంచం పక్కన చెయ్యి పెట్టి చూపించాడు. ఆవిడ దూడేమో అంది. కాదు, ఆవే అన్నాడు. ఆవిడ నమ్మలేదు. టెంపో తగిలే ముందు తీసిన ఫోటో పంపాడు. కొమ్ముల నుంచి గిట్టల దాకా ఆవు మొత్తం పట్టింది అందులో. ఆ అడుగు దాని కోసమే వేసింది.

ఆవిడ ఫోటో చూసి, క్లాజు చూసి, వేరే ఎవరినో అడిగి తిరిగొచ్చేదాకా ఆయన తెరను చూస్తూ నా మణికట్టు పట్టుకునే ఉన్నాడు. “పరధ్యానం కుల్పా గ్రావే కాదు” అందావిడ చివరికి. “జరిగింది రాయండి, చాలు.”

ఆయన ఫారంలో ఆ రెండు వాక్యాలనీ కొట్టేశాడు. కొట్టివేత పక్కన సంతకం పెట్టాడు. కింద కొత్తగా రాశాడు. ‘ఒక చిన్న ఆవును ఫోటో తీయడానికి చూసుకోకుండా రోడ్డు మీదికి వెనక్కి అడుగు వేశాను. మెల్లగా వస్తున్న వాహనం తగిలింది. డ్రైవర్ వెంటనే ఆగి నన్ను ఆస్పత్రికి తెచ్చాడు.’ ఇంగ్లీషులోకి తేవడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు. కుల్పా అన్న మాటే లేదు అందులో. పంపించేశాను.

మేనేజరు లోపలికొచ్చి విషయం విని, “నా కాడ రికార్డింగ్ ఉండాది” అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు మంచం మీదాయన ఏమంటున్నాడని అడిగాడు. చెప్పాను. ఆయన చిన్నగా ఒక మాటన్నాడు.

“ఏమంటాడు?” అన్నాడు మేనేజరు.

“వచ్చే వారం పలకలన్నీ మళ్ళీ మొదటి నుంచి తడిమి చూస్తాడంట. ఒక్కొక్కటి.”

మేనేజరు ఫోన్ తీసి, అందరికీ కనపడేట్టు తెర మా వైపు తిప్పి మరీ, రికార్డింగ్ తీసేశాడు. “తమాషాకి సేస్తి లేమ్మా” అన్నాడు.

నేను వరండాలోకి వచ్చేసరికి డ్రైవర్ పైవరుస క్రేట్ల మీద తడి గోనె కప్పుతున్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకుని నిలబడ్డాడు. ఏం రాశారని అడగలేదు. నేనే ఫోన్‌లో చూస్తూ, మూడు వాక్యాలూ తెలుగులో చదివి వినిపించాను.

“ఆవు గురించి గూడా రాసినాడా?”

“రాశాడు.”

“మెల్లగా వస్తాండాననీ రాసినాడా?”

“రాశాడన్నా. నీ మీద కేసేం లేదు. లైసెన్సు నీకాడే ఉంటుంది.”

తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి ముఖం అంతా తుడుచుకున్నాడు. పోతాడనుకున్నాను. పోలేదు.

“పాపా, నేను ఆయన కాలు మొక్కినా అన్నారే లోపల. సిస్టరమ్మ సెప్పింది. నిజమే, నా కాలు తగిలింది, మొక్కినా.” క్రేటు అంచున ఉన్న ఒక కాయను లోపలికి తోశాడు. “ఆయన ఎనక్కి వస్తాండేది నేను సూస్తి. హారన్ కొట్టలా. కొడితే ఆవు బెదిరి రోడ్డు మీదికొస్తాదని కొట్టలా. ఆపుకోగల్ననుకుంటి. పనిలో పని, ఆ తప్పుకి గూడా అప్పుడే మొక్కేస్తి.”

నేను ఫోన్ వైపు చూశాను. మెయిల్ వెళ్ళిపోయి ఉంది. అవతలివాళ్ళు అందిందని జవాబు కూడా ఇచ్చారు.

“వెళ్ళన్నా” అన్నాను. “కాయలు మెత్తబడతాయి.”

అతను బండెక్కాడు. గేటు పక్కన హారన్ కొట్టరాదని బోర్డు ఉంది. దాని కింద నుంచి, ఎదురుగా మనిషి గానీ ఆవు గానీ లేకపోయినా, రోడ్డెక్కేదాకా హారన్ కొట్టుకుంటూనే పోయాడు.